నాలుకకు అంటిన పెంకు

షాపులో నలుగురూ చూస్తుండగానే ఆ తెల్ల రింగు ముక్కను నాలుక మీద పెట్టుకున్నాను. అంటుకుంది. లాగితే చిన్నగా పట్టి వదిలింది.

"మేడం, అది తినేది గాదు," అన్నాడు షాపతను కంగారుగా.

నాకు తెలియదా! చేపల తొట్టి ఫిల్టర్లో వేసే పింగాణీ రింగులవి. మద్రాసు నుంచి వస్తాయట. కొత్తగూడెంలో మా చెల్లెలు ఇంట్లో తొట్టి పెట్టుకుంటానంటే, భద్రాచలం నుంచి వచ్చిన దాన్ని తోడు వెళ్లాను. డబ్బా తిప్పి చూస్తే వెనక ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంది. కుళాయి నీళ్లతో కడగవద్దు, తొట్టిలోని నీళ్లతోనే జాడించాలి, ఒకేసారి అన్నీ కడగకుండా సగమే కడగాలి. చదివేసరికి ఒళ్లు మండిపోయింది. అక్షరం పొల్లు పోకుండా ఇవే మాటలు ఇదే ఊళ్లో పన్నెండేళ్ల కిందట ఒక అద్దాలు కోసే మనిషి నాకు చెప్పాడు. డబ్బా మీద ఎక్కితే శాస్త్రమట. ఆయన నోట్లోంచి వస్తే చాదస్తం.

"గిట్లనే నాలుక మీద పెట్టి సూసేటోడు ఒకాయన ఉండె మేడం, పాత బజార్ల," అన్నాడు షాపతను. "ఫోటోలకు ఫ్రేములు కట్టేటోడు. పాపం, పోయిండు. ఎల్లుండికి నలభై రోజులు."

నా చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. అతను ఊరుకోలేదు.

"మంచోడే గానీ, ఎన్కట ఏదో దవాఖానాల రోగాల పెంకులు ఏసి చేపలన్నిటిని సంపిండంట. అప్పటిసంది ఎవ్వరు ఆయనతోని తొట్టి కట్టిచ్చుకోలె."

"ఆయన చంపలేదు," అన్నాను.

"మీకెట్ల ఎరుక?"

"విన్నాను," అన్నాను.

విన్నానట! సిగ్గు లేకపోతే సరి. పన్నెండేళ్లు గడిచాక, ఆ మనిషి మట్టిలో కలిశాక కూడా నా నాలుక మీదకు వచ్చిన మాట అది.

ఆయన పేరు నేను రాయను. ఆయన బతికి ఉన్నప్పుడు నేను చెప్పాల్సింది చెప్పలేదు, ఇప్పుడు ఆయన పేరు వాడుకునే హక్కు నాకు లేదు. ఊళ్లో చాలామంది అద్దాల భాయ్ అనేవాళ్లు. నేనూ భాయ్ అనే పిలిచేదాన్ని.

సన్నటి మనిషి. చేతివేళ్ల నిండా అద్దం కోసిన గీతలు, కొన్ని మానినవి, కొన్ని పచ్చివి. చొక్కా జేబులో ఎప్పుడూ సగం కోసిన నిమ్మకాయ ఒకటి కాగితంలో చుట్టి ఉండేది. ఎక్కడ మంచి రాయి కనపడినా వంగి తీసి, దాని మీద రెండు చుక్కలు పిండి, చెవి దగ్గర పెట్టుకునేవాడు. బుస్సుమని పొంగితే అవతల పారేసేవాడు. "సున్నం రాయి. నీళ్లను పాడు జేస్తది," అనేవాడు. పొంగకపోతే తుడిచి నాలుక మీద పెట్టుకునేవాడు. అంటుకుంటే మొహం విచ్చుకునేది.

"నాలుకకు అంటుకుందంటే దాంట్ల సన్నసన్న బొక్కలు ఉన్నట్టు సిస్టరమ్మా. అండ్ల కాపురం ఉండొచ్చు."

ఎవరి కాపురం అని అడిగితే చెప్పలేకపోయేవాడు. అక్కడే నాకు నవ్వు వచ్చేది.

నేనప్పుడు దమ్మపేట నుంచి వచ్చి ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో పనిచేస్తున్నాను. డాక్టరు గారు వైద్యం చూసుకుంటే మిగతా అంతా వాళ్లావిడే చూసుకునేది. మేం ఆమెను మేడం అనేవాళ్లం. పేషెంట్లు కూర్చునే హాల్లో చేపల తొట్టి ఉంటే బాగుంటుందని ఆమెకు అనిపించి ఆయన్ని పిలిపించింది. ఇనప చట్రంలో అద్దాలు బిగించి, పుట్టీ పెట్టి, మనిషి పడుకునేంత తొట్టి కట్టాడు. పక్కన సన్నటి అద్దాల పెట్టె ఒకటి అతికించాడు. తొట్టిలో నీళ్లు గాలి పంపుతో ఆ పెట్టెలోకి ఎక్కి, అందులోని పెంకుల మీదుగా పారి, మళ్లీ తొట్టిలో పడేవి.

ఆ పెంకుల కోసం ఆయన పడ్డ పాట్లు చెబితే ఎవరైనా నవ్వుతారు. ముందు కిన్నెరసాని గులకరాళ్లు వేసి చూశాడట. "సూస్తానికి ముద్దుగుంటయ్. నున్నటి బండ మీద నాచు గూడ ఓ పట్టాన పట్టది, గివి గూడ గంతే." ఇటుక వేశాడట, సగం కాలిన ఇటుక కరిగి నీళ్లు ఎర్రబడ్డాయి. బొగ్గు కాలిన చిట్టెం వేశాడట, బొక్కలకు కొదవ లేదు గానీ నెల రోజులు నానబెట్టినా నీళ్ల మీద నూనె తేలింది. చివరికి పాత ఇళ్ల గూనపెంకులు దొరికాయి. బాగా కాలినవి, యాభై వానలకు తడిసినవి. చండ్రుగొండ దిక్కు ఎక్కడో పెంకుటిల్లు పడగొడుతున్నారని తెలిస్తే బస్సెక్కి పోయేవాడు. అందరూ దూలాలూ తలుపులూ బేరమాడుతుంటే ఈయన పగిలిన పెంకులు ఏరుకునేవాడు. వాటిని చిన్న సుత్తితో రేగుపండంత ముక్కలు కొట్టి, నిమ్మకాయ పరీక్ష పెట్టి, నాలుక పరీక్ష పెట్టి, గెలిచిన వాటిని నానబెట్టేవాడు.

అంతటితో అయిపోదు. కొత్త తొట్టికి తన ఇంట్లో పాత తొట్టి నుంచి జిగట పట్టిన పెంకులు నాలుగు దోసిళ్లు తడి గుడ్డసంచిలో తెచ్చి కలిపేవాడు. ఆ సంచి నీళ్లోడుతూ సైకిలు హ్యాండిలుకు వేలాడుతుండేది. దారిలో ఎవరు పలకరించినా ఆగేవాడు కాదు. "ఆరితే సస్తయ్," అని అరుస్తూ పోయేవాడు. పాలు తోడుపెట్టినట్టేనట. అందులో ఉన్నదేదో కొత్త పెంకులకు పట్టాలట.

"దాన్ని బాక్టీరియా అంటారు భాయ్. రోగాలు తెచ్చేవి," అన్నాను ఒకరోజు. చదువుకున్న దాన్ని కదా, చెప్పాలి.

"అన్నీ రోగాలే తెస్తయా సిస్టరమ్మా? మరి పెరుగుల ఉండేది?"

నాకు జవాబు దొరకలేదు. దొరకనందుకు ఆయన మీదే చిరాకు వచ్చింది. ఆ చిరాకు నాలో ఎంతకాలం దాగి ఉందో తర్వాత తెలిసింది.

తొట్టి నింపి రెండే రెండు చేపలు వదిలితే మేడంకు కోపం వచ్చింది.

"ఇంత తొట్టికి రెండు చేపలేమిటయ్యా? చూసేవాళ్లు నవ్విపోతారు."

"సబర్ అమ్మా. నలభై రోజులు ఓపిక పట్టున్రి. చేపలు గలీజు జేస్తయ్. ఆ గలీజు తినేటియి పెంకుల మీద పెరగాలె. బాలింతకు గూడ నలభై రోజులే గదా."

నలభై రోజులూ అయ్యాక ఒక్కొక్క జతా తెచ్చి వదిలాడు. బంగారు రంగువి, నల్లవి, వెండి రెక్కలవి. పినపాక నుంచి మనవరాలి కాన్పుకు వచ్చిన ఒక ముసలమ్మ పొద్దస్తమానం తొట్టి ముందే కూర్చుని, "గివి పెద్దగయినంక కోస్తరా?" అని ఆయన్నే అడిగింది. "నీ మనుమరాలి బిడ్డ పెండ్లికి కోద్దాం, అప్పటిదాక ఆగు అవ్వా," అన్నాడు. ఆమె సరేనంది.

ఆయన చేపల్ని చూసేవాడు కాదు, అదీ వింత. వచ్చీ రాగానే పక్క పెట్టె మీదకు వంగి వాసన చూసేవాడు. వాన పడ్డ మట్టి వాసన రావాలట. వస్తే అప్పుడు చేపల వైపు తిరిగేవాడు. "చేపలను ఎవరన్న పెంచుతరు. నీళ్లను పెంచాలె," అనడం ఆయనకు అలవాటు. ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. వినీ వినీ విసుగొచ్చి, ఆయన నోరు తెరవగానే నేనే ఆ మాట పూర్తి చేసేదాన్ని.

రెండు నెలలకోసారి పెంకులు జాడించేవాడు. తొట్టి నీళ్లే ఒక టబ్బులోకి తీసి, సగం పెంకులు అందులో వేసి, బియ్యం మొదటి కడుగు కడిగినట్టు చెయ్యి రెండుసార్లు అటూ ఇటూ తిప్పి తీసేసేవాడు. మిగతా సగం ముట్టుకునేవాడు కాదు. నన్ను పక్కన నిలబెట్టుకుని మరీ చూపించాడు.

"నేను లేనప్పుడు ఎవరన్న కడుగుతమంటే కడగనియ్యకు. కుళాయి నీళ్లల్ల మందు ఉంటది. మనకు మంచిదే. వీటికది విషం."

"సరే భాయ్."

"కరెంటు పోతే చెంబుతోని నీళ్లు ముంచి పెంకుల మీద పోస్తుండు. వాటికి గాలి ఆడాలె."

అదీ చేశాను. కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో ఇంజెక్షనుకూ ఇంజెక్షనుకూ మధ్య చెంబుతో నీళ్లు పోశాను. "నీ చెయ్యి మంచిది సిస్టరమ్మా," అన్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఆ చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియదు.

ఆ ఏడు కొత్త వార్డు తెరవాలనుకున్నారు. సత్తుపల్లి వైపు నుంచి మేడం బంధువులు, ఊళ్లో పెద్దలు అందరూ వస్తారు. ఆయనేమో ఏదో లాడ్జికి అద్దాలు బిగించడానికి వారం రోజులు భద్రాచలం వెళ్లాడు. మేడం హాల్లోకి వచ్చి ముక్కు మూసుకుంది.

"ఆ పాచి చూస్తుంటే కడుపులో తిప్పుతోంది సిస్టర్. ఆస్పత్రి అనుకుంటారా, చెరువనుకుంటారా? ఫంక్షన్ నాటికి తొట్టి తళతళలాడాలి."

ఆమె పెంకుల పేరు ఎత్తలేదు. అద్దం తోమి ఊరుకుంటే సరిపోయేది. ఈ మాట రాయడానికే ఇంత దూరం వచ్చాను కాబట్టి తప్పించుకోను. పెంకులు నా బుర్రలోంచి పుట్టిన పని. ఆయన చెప్పింది నేను మరిచిపోలేదు, మరిచిపోయి ఉంటే బాగుండేది. గుర్తుండే చేశాను. నేను నర్సింగ్ చదివాను. క్రిములు ఎక్కడుంటాయో, ఎలా చస్తాయో నాకు తెలుసు. ఫోటోలకు అద్దాలు కోసేవాడు నాకు చెప్పేదేమిటి?

పెంకులన్నీ తీశాను. సగం కాదు, అన్నీ. సూదులూ కత్తెరలూ ఉడకబెట్టే స్టెరిలైజర్లో వేసి అరగంట ఉడకబెట్టాను. మూత తీస్తుంటే ఆవిరి కొట్టి కుడి మణికట్టు కాలింది. పెంకులు అప్పుడే ఆవంలోంచి తీసినట్టు ఎర్రగా వచ్చాయి. నాకు ఎంత గర్వమో! పెట్టెలో సర్ది, కుళాయి నీళ్లు నింపి, అద్దాలు తుడిచాను. మేడం చూసి, "ఇదీ శుభ్రం అంటే," అంది.

రెండు రోజులు ఏమీ కాలేదు. మూడో రోజు చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకున్నాయి. భయపడి మళ్లీ కుళాయి నీళ్లు మార్చాను. నాలుగో రోజు పొద్దున, బంధువులు పూలదండలతో లోపలికి వచ్చే వేళకు, తళతళలాడే తొట్టిలో అన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. ఎవరో, "ఆస్పత్రిలో ఇదేం శకునం?" అన్నారు. మేడం మొహం చూడలేకపోయాను.

మర్నాడు ఆయన వచ్చాడు. గుడ్డసంచి చేతిలోనే ఉంది. చేపల్ని అప్పటికే పారేశాం. ఆయన అలవాటు ప్రకారం పక్క పెట్టె మీదకు వంగి వాసన చూశాడు. ఒక పెంకు తీసి బొటనవేలితో రుద్దాడు. ఇంకోటి తీసి రుద్దాడు. జిగట లేదు. అడుగు దాకా చెయ్యి పెట్టి తీసి చూశాడు.

"వీటిని ఎవరు కడిగిన్రు?"

"ఎవరూ కడగలేదు. అద్దం తుడిపించాను, అంతే," అంది మేడం. "నీ రోగిష్టి చేపలూ, నీ పాచి పెంకులూ తెచ్చి మా పరువు తీశావు. సిస్టర్, నువ్వేమైనా ఆ పెంకులు ముట్టుకున్నావా?"

అంతకు నెల ముందే సిరంజీల పెట్టె పగలగొట్టిందని ఒక నర్సును నిలుచున్నపాటున పంపించేశారు. నా జీతం మీదే మా అమ్మ, చెల్లెలి కాలేజీ. అవన్నీ నిజమే. అయినా ఆ క్షణంలో అవేవీ నాకు గుర్తు రాలేదు. చదువుకున్న దాన్ని తప్పు చేశానని ఆ హాల్లో అందరి ముందూ అద్దాలాయనకు తెలియడం నాకు ఇష్టం లేదు. అదే అసలు సంగతి. జీతం సంగతి తర్వాత నాకు నేను చెప్పుకున్నది.

"లేదు మేడం," అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. చూపు నా మణికట్టు మీదకు వచ్చి ఆగింది. మందు రాసి దూది అంటించుకున్న చోట. స్టెరిలైజర్ గది తలుపు ఆయన వెనకే తెరిచి ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను, అది ఇంకా పెద్ద సాక్ష్యం.

"ఎవ్వరు ముట్టకుంటే, తప్పు నాదే అమ్మా," అన్నాడు.

పెంకులు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకున్నాడు. తొట్టిని రిక్షా మీద వేయించుకుని వెళ్లిపోయాడు.

మేడం ఊరుకునే మనిషి కాదు. వచ్చిన ప్రతి పేషెంటుకూ, ప్రతి పేషెంటు చుట్టానికీ చెప్పింది. ఆ తొట్టి పెంకుల్లో రోగాలున్నాయని, ఆ నీటి గాలి పీలిస్తే పసిపిల్లలకు మంచిది కాదని. డాక్టరుగారి ఇంట్లోంచి వచ్చిన మాట, ఎవరు కాదంటారు? ఊళ్లో ఆయన కట్టిన తొట్లన్నీ ఒకటొకటే తీసేశారు. హోటల్లో దాంట్లో సోడా సీసాలు పెట్టుకున్నారు. ఒక ఇంట్లో బియ్యం పోసుకున్నారు. నేను ఇంజెక్షన్లు చేస్తూ, బీపీలు చూస్తూ, ఆ మాటలన్నీ వింటూ నిలబడ్డాను. ఒక్కసారి, ఒక్కరికైనా "కాదు" అని ఉంటే! అనలేదు.

మూడేళ్ల తర్వాత మా అమ్మ పోతే ఫోటోకు ఫ్రేము కట్టించడానికి ఆయన దగ్గరికే వెళ్లాను. ఊళ్లో ఇంకో ఇద్దరు కట్టేవాళ్లున్నారు. ఆ మాట చెప్పెయ్యాలనే వెళ్లాను. గోడ నిండా చచ్చిపోయిన వాళ్ల ఫోటోలు. మూలన స్టూలు మీద చిన్న తొట్టి, దాని పక్క పెట్టెలో ముదురు రంగు పెంకులు. నాకు చూడగానే తెలిసింది.

"అవ్, అవే," అన్నాడు అద్దం కోస్తూ, తల ఎత్తకుండా. "మళ్ల బతికినయ్. నలభై రోజులు పట్టింది. పెంకులకు కోపం ఉండది సిస్టరమ్మా."

నోరు తెరిచాను. ఆయన గీత గీసి అద్దం విరిచాడు. టక్కుమంది. అంతే, మాట లోపలికి పోయింది. ఫ్రేము తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాత భద్రాచలంలో గవర్నమెంటు ఉద్యోగం వస్తే, బరువు దిగినట్టు ఊరు వదిలాను. గోడ మీద అమ్మ ఫోటో చూసినప్పుడల్లా నాకు అమ్మ కన్నా ముందు ఆ అద్దమే కనపడేది.

షాపులో ఆ మాట విన్న తర్వాత రెండు రోజులు చెల్లెలి ఇంట్లోనే ఉండిపోయాను. నలభయ్యో రోజున పాత బజారుకు వెళ్లాను. ఫాతెహా ప్రార్థన అయిపోయింది. ముందు గదిలో మగవాళ్లు తింటున్నారు. లోపలి గదిలో ఆయన భార్య చాప మీద కూర్చుని ఉంది. నేనెప్పుడూ ఆమెను దగ్గరగా చూడలేదు. ఆమె మాత్రం నన్ను చూడగానే గుర్తుపట్టి, పక్కన ఉన్న ఆడవాళ్లను బయటికి పొమ్మంది. గోడ వారగా గాలి పంపు గుర్రుమంటోంది, ఆ చిన్న తొట్టి ఇంకా నడుస్తోంది.

"అమ్మా," అన్నాను, "ఆ దవాఖానాలో పెంకులు ఉడకబెట్టింది నేను. మీ ఆయన తప్పేం లేదు."

ఇంతకాలం మోసిన మాట. పలకడానికి ఎంతసేపో పట్టలేదు.

ఆమె ఉలికిపడలేదు. "ఎరుకేనమ్మా," అంది. "గా రోజే ఇంటికొచ్చి జెప్పిండు. సిస్టరమ్మ చెయ్యి కాలింది, మందు సరిగ్గ రాసుకుందో లేదో అన్నడు. నేను లొల్లి జేసిన. పోయి అడుగుత అన్న. పోతే ఆమె నౌకరి పోతదని నాతోని ఒట్టేయిచ్చుకుండు."

కుడి మణికట్టును కొంగు కిందకు లాక్కున్నాను.

"సచ్చేదాక తొట్టి కట్టమని ఎవరన్న వస్తరేమోనని దర్వాజ దిక్కే సూసిండు. ఎవ్వరు రాలె. నిమ్మకాయ మటుకు ఆఖరి దినం గూడ జేబుల పెట్టుకుండు."

లేచి వెళ్లి పళ్లెంలో అన్నం, కూర వడ్డించి తెచ్చి నా ముందు పెట్టింది. నీళ్ల గ్లాసు పెట్టింది. ఎదురుగా కూర్చుంది.

"ఆయన మాఫ్ జేసిండు," అంది. "నేను జెయ్యలె. తిను."

ఆమె నా ముందు నుంచి కదలలేదు. తిన్నాను.